అమీర్‌పేటలో ఎఫ్‌ఎస్‌డబ్ల్యూ సిమ్యులేషన్ కోర్సు: వేడి బాగా చెప్పారు, స్ట్రెస్ ఎగ్గొట్టారు

ఎం.టెక్ ప్రాజెక్టు కోసమని నాలుగు ఆదివారాలు అమీర్‌పేట వెళ్లి ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ (ఎఫ్‌ఎస్‌డబ్ల్యూ) సిమ్యులేషన్ నేర్చుకొచ్చాను. గిరగిరా తిరిగే టూల్‌ని లోహం మీద నొక్కి, ఆ రాపిడి వేడితో ప్లేట్లు అతికే పద్ధతి ఇది, దాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడమే సిమ్యులేషన్. ఫీజు 6,500. ఇన్‌స్టిట్యూట్ పేరు రాయను, పోటీగా ఇంకో రెండు మెట్ల కింద అదే బోర్డు ఉంటుంది ఎలాగూ.

మొదటి రెండు క్లాసులు మాత్రం పెట్టిన డబ్బుకు న్యాయం చేశాయి. సార్ సాఫ్ట్‌వేర్ తెరవనివ్వకుండా ముందు బోర్డు మీద లెక్క చేయించారు. 18 మి.మీ. షోల్డర్ (ప్లేటు మీద రాసుకునే టూల్ అడుగు భాగం), 8 కిలోన్యూటన్ల నొక్కుడు, 1000 ఆర్‌పీఎం, ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే పుట్టే వేడి దాదాపు 2 కిలోవాట్లు. అంటే ఇంట్లో గీజరంత వేడి, అదీ రూపాయి బిళ్లకన్నా చిన్న చోట!

తీరా సిస్టమ్ మీద రన్ చేస్తే టెంపరేచర్ 720 డిగ్రీలు చూపించింది. 6061 రకం అల్యూమినియం 582 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది, లోహాన్ని కరిగించకుండా అతకడానికే కదా 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థ వాళ్లు ఈ పద్ధతి కనిపెట్టింది. ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో ఉండే తమ్ముణ్ని అడిగితే "మెష్ చిన్నది చెయ్యన్నా" అన్నాడు, అంటే లెక్క కోసం ప్లేటుని విడగొట్టే గళ్లు ఇంకా చిన్నవి చెయ్యమని. రెండు గంటలు కూర్చుని చేస్తే 720 కాస్తా 724 అయింది.

మూడో ఆదివారం సార్ వచ్చి పది నిమిషాల్లో తేల్చేశారు. లోహం వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది, ఆ వేడిలో దానికున్న యీల్డ్ స్ట్రెస్‌ని (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడిని) రూట్ 3తో భాగిస్తే ఎంతొస్తుందో ఘర్షణ అంతకు మించి లాగలేదు, నేనేమో 0.4 పెట్టి వదిలేశాను. పైగా కింద ఆనుగా పెట్టే బ్యాకింగ్ ప్లేటులోకి పోయే వేడిని లెక్కలోకే తీసుకోలేదు. రెండూ సరిచేస్తే 510కి దిగింది. ఈ ఒక్క క్లాసుకే సగం ఫీజు చెల్లిపోయింది.

నాలుగో వారం స్ట్రెస్, అంటే వెల్డ్ చల్లారాక లోహం లోపల మిగిలిపోయే ఒత్తిడి (రెసిడ్యువల్ స్ట్రెస్). సార్ రాలేదు, తమ్ముడే చెప్పాడు. వెల్డ్ అయింది, ప్లేటు చల్లారింది, ఎర్రగా పచ్చగా బొమ్మ వచ్చింది, "ఇదే రెసిడ్యువల్ స్ట్రెస్" అని సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. ప్లేటుని కదలకుండా బిగించే క్లాంపులు ఇంకా విప్పనేలేదు బాబూ! క్లాంప్ విప్పితేనే కదా ప్లేటు వంగేది, లోపలి స్ట్రెస్ సర్దుకునేది. వెల్డ్‌కి అడ్డంగా గ్రాఫ్ గీస్తే మామూలుగా షోల్డర్ అంచుల దగ్గర రెండు శిఖరాలతో ఇంగ్లిష్ ఎం అక్షరంలా వస్తుంది, నాది గుట్టలా ఒక్కటే వచ్చింది. చివరికి ఇంటి దగ్గర వారం తంటాలు పడి క్లాంప్ విప్పే స్టెప్ నేనే కలుపుకున్నాను. థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) రీడింగులతో పోల్చి చూపించడం లాంటివి అసలు సిలబస్‌లోనే లేవు.

5కి 3 ఇస్తాను, ఆ మూడూ సార్‌కే. చేరేవాళ్లు మూడో ఆదివారమే ఆయన్ని పట్టుకుని క్లాంపుల సంగతి అడిగేయండి.