మగదా, పెట్టా? తొమ్మిదేళ్లు బాతులు పెంచి, వండుకుని తిన్నాక నా సమీక్ష

"బాబాయ్, మగదా పెట్టా, ఏది తీసుకుంటే కూర మెత్తగా ఉంటుంది?"

మా దొడ్డికి బాతు కోసం వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. మొదట్లో నాటుకోళ్ల లెక్కన "పెట్ట తీసుకో" అనేవాణ్ని. ఇప్పుడు ముందు ఏ జాతి కావాలో అడుగుతున్నాను. జాతి తేలకుండా మగ, ఆడ మాట మాట్లాడుకుని లాభం లేదు. ఈ సంగతి నాకు అర్థం కావడానికి నాలుగైదేళ్లు పట్టింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది కొల్లేరు పక్క ఊరు. చేపల చెరువు గట్టు మీద షెడ్డు వేసి బాతులు పెంచుతున్నాం. గుడ్ల కోసం మొదలుపెట్టాం, తర్వాత మాంసం వైపు వచ్చాం. నాటు బాతులు, ఖాకీ క్యాంప్‌బెల్, వైట్ పెకిన్, మస్కోవీ, ఈ నాలుగూ మా దగ్గర పెరిగాయి. నాలుగూ మా వంటింట్లోకీ వచ్చాయి.

ముందు పెకిన్ సంగతి. తెల్లటి ఈకలు, పసుపు ముక్కు, గంట కొట్టినట్టు అరుపు. మాంసం కోసం ఎక్కువగా పెంచే జాతి ఇది. సరైన మేత పెడితే ఏడు వారాలకు మూడు కిలోల దగ్గరికి వస్తుంది. మా దగ్గర నూకలు, తవుడు, కొంత కంపెనీ మేత కలిపి పెడతాం కాబట్టి రెండున్నర కిలోలు వస్తే సంతోషిస్తాం. ఇందులో మగది పెట్ట కంటే కాస్త బరువు ఉంటుంది, అంతే. కోసి ముక్కలు చేశాక ఏది ఏదో మా ఆవిడ కూడా చెప్పలేదు. నేను మూడు నాలుగు సార్లు విడివిడిగా వండించి చూశాను. పెట్టలో కొవ్వు ఒక పిసరు ఎక్కువ అనిపించింది. మెత్తదనంలో తేడా కనిపించలేదు.

పెకిన్‌లో చూడాల్సింది వయసు. ఏడో వారం దాటనిస్తే తొమ్మిది, పది వారాల మధ్య కొత్త ఈకలు చర్మంలోంచి పొడుచుకొస్తాయి. వేడినీళ్లలో ముంచి పీకినా మొదళ్లు చర్మంలోనే ఉండిపోతాయి. ఒక్కో బాతు దగ్గర ముప్పావు గంట కూర్చోవాల్సి వస్తుంది. ఈ ఒక్క కారణంతో ఒకసారి నలభై బాతుల ఆర్డరు ఆలస్యం చేసి మాట పోగొట్టుకున్నాను. ఏడు వారాలకైనా కోయాలి, లేదా ఈకలు పూర్తిగా వచ్చేదాకా, అంటే పన్నెండు వారాల దాకా ఆగాలి. ఆగితే మేత ఖర్చు పెరుగుతుంది, చర్మం కింద కొవ్వూ పెరుగుతుంది.

ఆ కొవ్వు గురించి ఒక మాట. పెకిన్ కూర నూనె తేలుతుందని చాలామంది వంక పెడతారు. చర్మంతో పాటు ముక్కల్ని వట్టి కడాయిలో వేసి సన్న సెగ మీద పావుగంట ఉంచండి. చుక్క నూనె పోయకుండానే దానిలోని కొవ్వంతా కరిగి దిగుతుంది. అది వంపుకుని, అందులో రెండు గరిటెలే వాడి ఉల్లిపాయలు వేయించండి. మిగిలింది దాచుకుంటే వారం పాటు వేపుళ్లకు వస్తుంది. బంగాళాదుంప వేపుడుకి దాన్ని మించింది లేదు.

ఇక మస్కోవీ. నా మనసు దీని మీదే ఉంది, దాచుకోను. మిగతా పెంపుడు బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతి. ఇది మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరే జాతి. అందుకే పొదుగు కాలం కూడా వేరు: మామూలు బాతు గుడ్డుకి 28 రోజులైతే దీనికి 35. మొహం మీద ఎర్రటి బొడిపెలు ఉంటాయి, అరుపు ఉండదు. మగది బుసకొడుతుంది, పెట్ట సన్నగా కూస్తుంది. ఇరుగుపొరుగుతో గొడవ లేదు.

మగ, ఆడ అన్న ప్రశ్నకు అసలు అర్థం వచ్చేది ఈ జాతిలోనే. నాలుగో వారం నుంచే మగపిల్లలు విడిపోయి కనిపిస్తాయి. పన్నెండు వారాలకు మా దగ్గర మగది మూడున్నర కిలోలు దాటితే, పెట్ట రెండు కిలోల దగ్గర ఆగిపోయింది. ఒకే పొదుగులో పుట్టినవి, ఒకే తొట్టిలో తిన్నవి. మొదటి ఏడాది ఇది తెలియక అన్నింటినీ ఒకే రోజు, ఎనిమిది వారాలకు కోశాను. మగవాటికి తొడలు నిండాయి కానీ రొమ్ము ఎముకకు అంటుకుపోయినట్టుంది. మస్కోవీలో రొమ్ము కండ చివర్లో పెరుగుతుంది. పెట్టకు పది వారాలకు నిండితే, మగదానికి పన్నెండు వారాలు పడుతుంది. ఆ చివరి రెండు వారాల మేత దండగ అనుకుని ముందే కోస్తే, పోయేది మనం డబ్బు తీసుకునే కండే.

రుచి విషయానికి వస్తే, మాంసం ముదురు ఎరుపు, చర్మం కింద కొవ్వు పెకిన్ కంటే బాగా తక్కువ. వేటమాంసం తినేవాళ్లకు వెంటనే నచ్చుతుంది. పెట్ట మాంసం పీచు సన్నం, కొంచెం కొవ్వు కూడా పట్టి ఉంటుంది. పెట్టలు ముందే ఎదుగుతాయి కాబట్టి కొవ్వు కూడా ముందే పడుతుంది. ఇగురుకి అది బాగా కుదురుతుంది. మగదాని పీచు ముతక. రొమ్ము ముక్క పెద్దది కాబట్టి వేపుడుకి, బిర్యానీకి బాగుంటుంది. కానీ ఆరు నెలలు దాటి మదం మీదకు వచ్చిన మగదాన్ని కూరకు తీసుకోవద్దు. ఒక పండక్కి, బరువుంది కదా అని ఏడాది దాటిన దాన్ని కోశాం. కుక్కర్లో ఎన్ని విజిల్స్ వచ్చినా ముక్క లొంగలేదు, పైగా ఒక ఘాటు వాసన. మా అత్తగారు చింతచిగురు వేసి మళ్లీ ఉడికించారు. పిల్లలు ముట్టుకోలేదు.

ఖాకీ క్యాంప్‌బెల్ గుడ్ల జాతి, మాంసానికి పెంచమని ఎవరికీ చెప్పను. ఒకసారి అన్నీ పెట్టలే కావాలని డబ్బు ఎక్కువ కట్టి పిల్లలు తెప్పిస్తే, సగానికి సగం మగవి వచ్చాయి. ఇచ్చినవాళ్ల పేరు అనవసరం. తోక మీద ఈక వంకర తిరిగేదాకా మాకూ తెలియలేదు. అలా మిగిలిన మగవాటిని కోసుకుంటే రెండు కిలోల లోపే, రొమ్ము పల్చన. రుచి మాత్రం చక్కగా ఉంటుంది, కొవ్వు లేదు, పులుసుకి బాగుంటుంది. గుడ్లు మానేసిన ముసలి పెట్టలు వేరే కథ. గంటన్నర ఉడకాలి. నాటు బాతు కూడా ఇంచుమించు ఇంతే, పొలాల్లో తిరిగి మేసింది కాబట్టి ఇంకాస్త గట్టి.

మస్కోవీ మగదాన్ని పెకిన్ పెట్టతో కట్టించి చూశాం. ఆ పిల్లలకు సంతానం ఉండదు, కానీ మస్కోవీ కండ, పెకిన్ వేగం రెండూ వస్తాయి, మగకీ ఆడకీ సైజు తేడా పెద్దగా ఉండదు. ఫ్రాన్స్‌లో, తైవాన్‌లో ఇదే పెద్ద వ్యాపారం. అక్కడ కృత్రిమ గర్భధారణ చేస్తారు. మేం వాటంతట అవి కలుస్తాయని వదిలేశాం. నలభై గుడ్లు పెడితే ఏడు పిల్లలొచ్చాయి. వాటి మాంసం అద్భుతంగా ఉంది, నేను తిన్న బాతుల్లో అదే పైన. కానీ ఏడు పిల్లలతో వ్యాపారం నడవదు.

వాసన గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. "బాతు నీచు వాసన" అనేవాళ్లు జాతిని తిడతారు. మా అనుభవంలో అది మేత వాసన. చెరువు గట్టున నత్తలు, చచ్చిన చిన్న చేపలు తిన్న బాతు కొవ్వులో ఆ వాసన దిగుతుంది. కొవ్వు ఎక్కువ కాబట్టి పెకిన్‌లో ఇంకా తెలుస్తుంది. కోయడానికి మూడు వారాల ముందు చెరువు మాన్పించి, దొడ్లో కట్టేసి నూకలు, మొక్కజొన్న పెడుతున్నాం. అప్పటి నుంచి ఆ ఫిర్యాదు రాలేదు. మొక్కజొన్నకు బూజు లేకుండా చూసుకోవాలి, బాతులు ఆ విషానికి కోళ్ల కంటే తొందరగా చచ్చిపోతాయి. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథిని కోసి పారేయడం కూడా మర్చిపోవద్దు.

ఇంకొకటి, కోసిన వెంటనే పొయ్యి మీద పెట్టడం మనకు అలవాటు. బాతుకు అది పనికిరాదు. కండ బిగుసుకున్నప్పుడే ఉడికిస్తే గట్టిగానే ఉండిపోతుంది. రాత్రి కోసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న వండితే, అదే బాతు అరగంట ముందే ఉడుకుతోంది.

ఇప్పుడు మా దొడ్లో పెకిన్, మస్కోవీ మాత్రమే ఉంచాం. మస్కోవీ గుడ్లు సెప్టెంబరు 10కి పెడుతున్నాం. అక్టోబరు 15కి పిల్లలు దిగుతాయి. పెట్టలకు క్రిస్మస్ ముందు రోజుకి పది వారాలు నిండుతాయి, ఇగురుకి అవి వెళ్లిపోతాయి. మగవి ఇంకో మూడు వారాలు తిని, రొమ్ము నింపుకుని కనుమకి సిద్ధంగా ఉంటాయి. ఈసారి కనుమ ఆర్డర్లు డిసెంబరులోనే తీసుకుంటున్నాను. పెట్ట కావాలన్నవాళ్లకు క్రిస్మస్‌కే రమ్మని చెబుతున్నాను.