కారు షెడ్డును అద్దె పోర్షనుగా మార్పించాము: నెల్లూరులో ఒక కాంట్రాక్టరు పనిపై సమీక్ష

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి కారు షెడ్డును ఒక గది, వంటగది, స్నానాలగది ఉన్న విడి పోర్షనుగా మార్చే పనిని కిందటేడు ఒక స్థానిక కాంట్రాక్టరుకు అప్పగించాము. ఒక వానాకాలం గడిచి, అద్దెకు మనుషులు దిగిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. 2021 నవంబరులో పెన్న పొంగి కాలనీల్లోకి నీరు వచ్చిన ఊరిలో కింది అంతస్తు పని మంచిచెడ్డలు రంగులు వేసిన రోజున తెలియవు. ఈశాన్య ఋతుపవనాల వానలు పడిన తరువాతే తెలుస్తాయి.

షెడ్డు 20 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. నేల నుంచి శ్లాబు వరకు 9 అడుగుల 6 అంగుళాలు. సామానుతో సహా 4 లక్షల 60 వేల రూపాయలకు, రెండు నెలల గడువుకు మాట్లాడుకున్నాము. గడువు మీద పద్దెనిమిది రోజులు ఎక్కువ పట్టింది గాని, బేల్దారి పనిలో అది పెద్ద ఆలస్యమని నేను అనుకోను.

గోడల పనికి మాత్రం వంక పెట్టలేను. షట్టరు తీసిన ఖాళీని తొమ్మిది అంగుళాల ఇటుక గోడతో మూసి, అందులోనే తలుపూ కిటికీ అమర్చారు. పాత కాంక్రీటు పిల్లరు, కొత్త ఇటుక గోడ ఎండకూ చలికీ ఒకే తీరున సాగవు, ముడుచుకోవు కనుక ఆ రెండూ కలిసే చోట నిలువు పగులు రావడం ఇటువంటి మార్పుల్లో తరచుగా కనిపించే లోపం. ఈయన అడగకుండానే ఆ అతుకు పొడవునా చికెన్ మెష్ (సన్నని ఇనుప తీగల వల) కొట్టించి, దాని మీద ప్లాస్టరింగు చేయించి, వారం రోజులు పూటపూటా తడిపించారు. ఇప్పటికీ అక్కడ వెంట్రుకవాసి పగులు కూడా లేదు. వెనక గోడకు కిటికీ తెరవాలని పట్టుబట్టినదీ ఆయనే. పెరటి వైపు అద్దెవాళ్ల చూపు పడుతుందని మా ఇంట్లో ఇష్టపడలేదు గాని, ముందు నుంచి వెనక్కు గాలి ఆడకపోతే ఆ గది మే నెలలో పొయ్యి అయ్యేదని ఇప్పుడు ఒప్పుకోవలసి వస్తున్నది. వంటగట్టుకు చీమకుర్తి నల్లరాయి వేశారు. రాయి బాగుంది, అంచుల నునుపు బాగాలేదు.

అసలు చిక్కు నేల ఎత్తు దగ్గర వచ్చింది. మా వీధిలో సిమెంటు రోడ్డు వేసిన తరువాత షెడ్డు నేలకూ రోడ్డుకూ తేడా దాదాపు లేకుండా పోయింది. అడుగున్నర ఎత్తు పెంచమని నేను అడిగితే, ఆరు అంగుళాలకు మించి పెంచితే శ్లాబు తలకు తగిలినట్లు ఉంటుందని, నివాసపు గదికి జాతీయ భవన నియమావళి చెప్పే కనీస ఎత్తు 2.75 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది అడుగులని ఆయన వాదించారు. ఆ మాట నిజమే. కాని అదే నియమావళి స్నానాలగదికి 2.1 మీటర్ల ఎత్తు సరిపోతుందని కూడా చెబుతుంది. కనుక గదిని ఆ ఆరు అంగుళాల ఎత్తులోనే ఉంచి, స్నానాలగది నేలను ఇంకొక అడుగు లేపి, ఒక మెట్టు ఎక్కేలా కట్టవచ్చు. ఆ ఆలోచన ఆయనకు రాలేదు, నాకూ అప్పుడు తోచలేదు.

కార్తీక మాసంలో ఒక రాత్రి కురిసిన వానకు తలుపు గడప దాటి చుక్క కూడా లోపలికి రాలేదు. కాని వీధి కాలువ నిండి, నీరు పైపులో వెనక్కు తన్ని, స్నానాలగది నేలలో నీరు బయటికి పోయే నాహ్ని ట్రాప్ నుంచి పైకి ఉబికింది. తెల్లవారేసరికి గదిలో చీలమండ లోతు మురుగు నిలిచింది. కొత్త టైల్సు పగలగొట్టి, స్నానాలగది నేలను అడుగు పైకి లేపి, మురుగు పైపులు కలిసే బయటి ఛాంబరులో నీరు వెనక్కు రాకుండా వాల్వు పెట్టేసరికి మరో 38 వేల రూపాయలు అయ్యాయి. కాంట్రాక్టరు కూలి తీసుకోలేదు, సామాను ఖర్చు మాత్రం మా మీదనే వేశారు. తప్పు లెక్క ఇద్దరిదీ అయినా, వృత్తి ఆయనది కనుక సగమైనా భరించి ఉండవలసిందని నా అభిప్రాయం.

కరెంటు పని శుభ్రంగా ఉంది. పోర్షనుకు విడి మీటరు పెట్టించుకొమ్మని ఆయన మొదటే చెప్పారు. ఒకే మీటరు మీద రెండు కుటుంబాలు వాడితే యూనిట్లు కలిసి ఎక్కువ రేటు శ్లాబులోకి వెళ్లి ఇద్దరికీ బిల్లు పెరుగుతుంది.

అనుమతి సంగతి అడిగితే మాత్రం, "అందరూ ఇట్లాగే కట్టుకుంటున్నారు సార్" అన్నారు. ప్లానులో పార్కింగు అని చూపిన చోటును నివాసంగా మార్చడం అంత తేలిక మాట కాదు. అపార్టుమెంటు స్టిల్టులో (అడుగున పిల్లర్ల మధ్య ఖాళీగా విడిచిన అంతస్తులో) అయితే ఆ ఆలోచనే పెట్టుకోకూడదు, ఆ స్థలం అందరి పార్కింగుకూ విడిచినది. మాది సొంత స్థలంలోని విడి ఇల్లు కాబట్టి, నేనే లైసెన్సు ఉన్న ఇంజనీరును కలిసి సవరించిన ప్లాను గీయించుకున్నాను. ఇప్పుడు కారు ఉంచడానికి ఇంటి పక్క ఖాళీ జాగా వాడుకుంటున్నాము.

గోడలు కట్టించడానికి ఆయనను మళ్లీ పిలుస్తాను. పైపుల పని మాత్రం వేరే ప్లంబరుకు ఇస్తాను. పాత షట్టరును ఇనుము ధరకు తానే కొనుక్కుంటానని చెప్పి ఆయన ఇంకా తీసుకువెళ్లలేదు; అది పెరట్లో నిమ్మచెట్టు కింద తుప్పు పడుతున్నది.