రూట్ డిస్క్ నిండిపోయిందా? ఎన్‌సీడీయూ వేసుకోండి

బెంగళూరు మారతహళ్లిలో మా చిన్న ఆఫీసు సర్వర్‌కి రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే డిస్క్ భాగం) మొత్తం 20 జీబీ, ఏ పుణ్యాత్ముడు పెట్టాడో. ఉబుంటు లినక్స్ 22.04 నుంచి 24.04కి మారుద్దామని శనివారం రాత్రి కూర్చుంటే ఖాళీ చాలదని మొదట్లోనే ఆగిపోయింది. ఇక టెన్షన్.

ముందు ఆప్ట్ క్లీన్ (దించుకున్న ప్యాకేజీ ఫైళ్లను చెరిపే కమాండ్) కొట్టి కాస్త చోటు చేసుకుని, ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపే ఎన్‌సీడీయూ దించాను. ఉచితం, చాలా చిన్నది. ఫోల్డర్ల సైజులు చెప్పే మామూలు డీయూ కమాండ్ పేజీలకు పేజీలు కక్కుతుంది, ఇదేమో పెద్ద ఫోల్డర్‌ని పైన పెట్టి చూపిస్తుంది, ఎంటర్ నొక్కుతూ లోపలికి వెళ్లడమే. మైనస్ ఎక్స్ పెట్టి నడపండి, లేకపోతే వేరే డిస్కులు కూడా లెక్కలోకి వచ్చి బుర్ర తిరుగుతుంది.

దొంగలు ఇద్దరు దొరికారు: పాత డాకర్ ఇమేజ్‌లు (డాకర్ నడిపే యాప్‌ల ప్యాకేజీలు) 5 జీబీ, సిస్టమ్ జర్నల్ (సిస్టమ్ రాసుకునే లాగ్‌లు) దాదాపు 2 జీబీ. జర్నల్‌ని జర్నల్‌సీటీఎల్ కమాండ్‌లోని వాక్యూమ్ సైజ్ ఆప్షన్‌తో 200 ఎంబీకి తగ్గించాను. డాకర్ ఫోల్డర్‌లో మాత్రం ఎన్‌సీడీయూ నుంచే డీ నొక్కి చెరపకండి బాబూ, వాడనివి తీసేసే డాకర్ ప్రూన్ కమాండ్ వాడండి. పాత కెర్నల్స్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్ పాత వెర్షన్లు) ఆప్ట్ ఆటోరిమూవ్‌తో పోయాయి.

లోపం ఒకటుంది. చెరిపేసినా ఏదో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పట్టుకుని కూర్చున్న ఫైళ్లు ఇందులో కనబడవు. డిస్క్ మొత్తం లెక్క చెప్పే డీఎఫ్ కమాండ్ నిండిందంటుంది, ఎన్‌సీడీయూ ఖాళీ అంటుంది. మా దగ్గర అలాంటి లాగ్ ఒకటి, ఏ ప్రాసెస్ ఏ ఫైల్ తెరిచిందో చూపే ఎల్ఎస్ఓఎఫ్‌తో పట్టుకుని ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే ఇంకో జీబీ వచ్చింది.

అప్‌గ్రేడ్ అయ్యేసరికి కింద దర్శిని టిఫిన్ సెంటర్లో ఇడ్లీ వేడివేడిగా దిగుతోంది.