మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకి మా కాలనీ ఫిజియో క్లినిక్ (విజయవాడ) - 5కి 5 స్టార్లు

అమ్మకి కుడికాలికి మోకాలి మార్పిడి ఆపరేషన్ (knee replacement) అయింది. ఫిజియోకి మొదట వేరే చోటికి తీసుకెళ్తే అక్కడ కాలికి కరెంట్ మెషీన్ పెట్టి, కాసేపు పడుకోబెట్టి పంపించేసేవాళ్లు, కాలు మాత్రం అలాగే బిగుసుకుపోయి ఉండేది. పక్కింటి ఆంటీ చెప్తే ఇక్కడికి మారాం.

ఇక్కడ ఫిజియో మేడమ్ మొదట మోకాలు ఎంత వంగుతోంది, ఎంత తిన్నగా చాపగలుగుతోంది రెండూ గోనియోమీటర్‌తో (కీళ్ల కోణం కొలిచే స్కేలు) కొలిచి కార్డు మీద రాశారు. అందరూ వంగడం గురించే అడుగుతారు కానీ పూర్తిగా చాపడం రాకపోతే నడకలో కుంటు ఉండిపోతుంది, అందుకే మోకాలి కింద దిండు అస్సలు వద్దన్నారు. మడమ కింద టవల్ చుట్ట పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కి 5 సెకన్లు బిగబట్టాలి. చూస్తే ఇదీ ఒక ఎక్సర్‌సైజేనా అనిపిస్తుంది, కానీ ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండరం బాగా నీరసపడిపోతుంది కదా, దాన్ని మళ్లీ పనిలోకి తెచ్చేది ఇదే.

తర్వాత మడమని మంచం మీద జరుపుతూ కాలు మడవడం, తిన్నగా కాలు పైకెత్తడం, కుర్చీలోంచి లేవడం, ఆఖర్న మెట్లు. మామూలు నడకకి మోకాలు 70 డిగ్రీలు వంగితే దాదాపు సరిపోతుంది, మెట్లకి 90 దాకా కావాలి, పొట్టి కుర్చీలోంచి లేవాలంటే ఇంకా ఎక్కువ. అమ్మకి మేడమీదకెళ్లి వడియాలు పెట్టుకోవాలని ఉంది, అది విని మేడమ్ చిన్న చెక్క స్టూల్ వేసి దాని మీదే ఎక్కించి దించారు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని అమ్మే ఎక్కుతోంది!

నాకు బాగా నచ్చింది ఏంటంటే బలవంతంగా వంచేయరు. కాస్త నొప్పి ఉంటుంది, కానీ మర్నాటికి వాపు పెరిగితే సెట్లు తగ్గించి ఐస్ పెట్టమంటారు. పిక్కలో నొప్పి, వాపు వస్తే మాత్రం ఎక్సర్‌సైజ్ ఆపేసి వెంటనే సర్జన్‌కి చూపించమని ముందే చెప్పారు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి.

ఇంట్లో చేయాల్సినవి మన ఫోన్‌లోనే వీడియో తీయిస్తారు, అదే అసలు మందు, క్లినిక్‌లో చేసేది ఒక్కటే చాలదు. సాయంత్రాలు బాగా రష్, పార్కింగ్ కష్టం. పొద్దున్నే వెళ్లండి, డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకెళ్లండి, మోకాలి పైదాకా మడవగలిగే వదులు బట్టలు వేయండి.