అద్దె తేనెటీగల పెట్టెలు: కీరదోస, గుమ్మడి తోటలకు ఎంతవరకు పనికొస్తాయి?

మగ పూల పుప్పొడిని ఆడ పూలకు చేర్చేందుకు తేనెటీగల పెట్టెలను పూత కాలంలో అద్దెకిస్తారు. కీరదోస, గుమ్మడి, పుచ్చ ఆరుబయట వేసిన వాళ్లకు ఈ సేవ పెట్టిన ఖర్చుకు న్యాయం చేస్తుంది. కాకపోతే పెట్టెలు లెక్కపెట్టి డబ్బు కట్టేస్తే మోసపోతారు.

ముందు మూత తీయించండి. అద్దెకు వచ్చేవి ఎక్కువగా ఐరోపా తేనెటీగల పెట్టెలే. పది ఫ్రేముల్లో (ఈగలు పట్టు కట్టే చట్రాలు) ఏడెనిమిది ఈగలతో నిండి ఉండాలి, కనీసం నాలుగింటిలో గుడ్లు, పిల్ల పురుగులు కనిపించాలి. పుప్పొడి ఆ పిల్లల మేత. పిల్లలు లేకపోతే ఈగలు పుప్పొడికి పెద్దగా తిరగవు. నాలుగు ఫ్రేముల నీరసం పెట్టెలు రెండిచ్చినా ఒక బలమైన పెట్టెకు సాటిరావు. అలాంటివి వెనక్కి పంపేయండి.

ఎకరాకు ఒకటి, రెండు చాలు. అసలు తేడా వచ్చేది దించే రోజు దగ్గర. పూత రాకముందే దించితే ఈగలు పక్క చేలోని పొద్దుతిరుగుడుకు మరుగుతాయి. తీగకు మొదట మగ పూలే వస్తాయి. అడుగున బుల్లి పిందె ఉన్న ఆడ పూలు మొదలవగానే, రాత్రిపూట దింపించుకోవాలి. కీర ఆడ పువ్వుకు దక్కేది ఆ ఒక్క పగలే. అంతలో ఈగ ఎనిమిది, పదిసార్లు వాలాలి. పుప్పొడి చాలకపోతే కాయ కొన సన్నబడి వంకర పోతుంది, అసలు అందకపోతే పిందె పసుపుబారి రాలుతుంది. పండుఈగ కుట్టినా కాయ వంకరే, కానీ కుట్టినచోట బంక కారుతుంది, కోస్తే పురుగు ఉంటుంది. ఆ నష్టం పెట్టెల వాళ్ల మీద వేయకండి.

సొర, బీర వేసినవాళ్లకు ఈ అద్దె దండగ. వాటి పూలు విచ్చేది సాయంత్రం, అప్పటికి ఈగలు గూటికి చేరుతుంటాయి. పాలీహౌస్‌లో వేసే గింజలేని కీర రకాలకైతే ఈగ రాకూడదు కూడా. గింజ కట్టి కాయ ఆకారం చెడుతుంది.

ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సమ్ అనే పురుగుమందులు పూలలోని తేనెకూ, పుప్పొడికీ చేరతాయి. సాయంత్రం కొట్టినా ముప్పు తప్పదు, పూతలో వాటిని పూర్తిగా మానాలి. మిగతా మందులేవైనా పూలు ముడుచుకున్నాకే. పక్క రైతుకూ ముందే చెప్పి ఉంచండి. చీమలెక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టించండి, ఎండాకాలమైతే నీడ తప్పనిసరి.