తరంగంబాడి: వేళాంగణ్ణి దారిలో ఆగి చూడాల్సిన చర్చి

వేళాంగణ్ణికో, తిరునళ్ళారు శనీశ్వరుడి దర్శనానికో వెళ్లే మనవాళ్లలో, తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో ఆగేవాళ్లు తక్కువ. ఆగినా డేన్లు (డెన్మార్క్ వాళ్లు) 1620లో మొదలుపెట్టిన కోట చూసి, సముద్రం ముందు ఫోటో దిగి బండెక్కేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కింగ్ స్ట్రీట్‌లోని న్యూ జెరూసలేం చర్చి.

డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపగా 1706లో జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ అనే ఇద్దరు జర్మన్ లూథరన్ (ప్రొటెస్టంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) మిషనరీలు ఈ ఒడ్డున దిగారు. చర్చి 1718 నాటిది. ముందుగోడ మీద కిరీటం, దాని కింద ఒకదానిలో ఒకటి అల్లుకున్న రాజుగారి పేరు అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. లోపల బలిపీఠం దగ్గరే జీగెన్‌బాల్గ్ సమాధి. పోయేనాటికి ఆయనకు 36 ఏళ్లే! ఆలోపే తమిళం నేర్చుకుని, కొత్త నిబంధనను అనువదించి, ఇక్కడి ప్రెస్సులోనే 1715కల్లా అచ్చు వేయించారు.

తెలుగువాళ్లకు ఇంకో సంగతి ముఖ్యం. 1719లో ఇక్కడి మిషన్‌కొచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు, బైబిలును తెలుగు చేశాడు. 1740లలో జర్మనీలోని హాలేలో ఆయన అచ్చు వేయించిన చిన్న పుస్తకాలే తెలుగులో తొలి అచ్చు పుస్తకాలని చెబుతారు. గుంటూరుకు అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొర వచ్చింది 1842లో. అంటే అంతకు దాదాపు వందేళ్ల ముందే ఈ మిషన్ వల్ల మన అక్షరాలు అచ్చెక్కాయి. ఆ మాట ఇక్కడ నిలబడి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇది చూసి పోయే పాత కట్టడం మాత్రమే కాదు, నడుస్తున్న సంఘం. 1919లో ఏర్పడిన తమిళ ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అనే సంస్థ కింద ఉంది. ఆ సంస్థ బిషప్పును ఇప్పటికీ తరంగంబాడి బిషప్ అనే అంటారు. 1733లో ఆరోన్ అనే తమిళుడు పాస్టరుగా అభిషేకం పొందింది ఈ ఊళ్లోనే. అయితే ఆ రోజుల్లో ఆరాధనలో కులాలవారీగా వేరువేరుగా కూర్చునేవారు. గొప్పలతో పాటు అదీ చెప్పుకోవాలి. నడుస్తున్న సంఘం కాబట్టి వీలైతే ఆదివారం ఉదయం వెళ్లండి. ఆరాధన తమిళంలో సాగుతుంది, భాష రాకపోయినా వెనక వరసలో కాసేపు కూర్చోండి. మామూలు రోజుల్లో తాళం వేసి ఉంటే పక్కన అడగాలి. జీగెన్‌బాల్గ్ ఇంట్లోని మ్యూజియం కూడా వదలొద్దు. కింగ్ స్ట్రీట్‌లోనే ఉన్న జియోను చర్చి డేన్ల కోసం 1701లో కట్టింది, అది బయట నుంచి చూసినా చాలు.

బస సంగతికొస్తే, సముద్రం ఒడ్డున పాత బంగళాలో హోటల్ ఉంది. చోటు బాగుంటుంది గానీ కుటుంబంతో వెళ్తే ఖర్చు ఎక్కువ. పదిహేను కిలోమీటర్లలోపే కారైకాల్ ఉంది, మామూలు లాడ్జీలు అక్కడ దొరుకుతాయి. తిరునళ్ళారు కూడా అక్కడికి దగ్గరే. రైల్లో వచ్చేవాళ్లు మయిలాడుదురైలో దిగి బస్సెక్కితే సరి. టిఫిన్ పక్కనే ఉన్న పొరయారు ఊళ్లోనే కానిచ్చేయండి, తరంగంబాడి పాత వీధుల్లో హోటళ్లు తక్కువ. శనివారం తిరునళ్ళారు, రాత్రి కారైకాల్, ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నానికి వేళాంగణ్ణి: ఇలా ప్లాన్ చేసుకుంటే ఏదీ హడావుడి కాదు.