టిబిలిసీలో ఆక్రమణ, గోరీలో హీరో: జార్జియా రెండు మ్యూజియాలు

జార్జియాలో ఎంబీబీఎస్ చదివే పిల్లల్ని చూడ్డానికి వెళ్ళిన మనవాళ్ళు కజ్‌బెగీ కొండలు, బతూమీ బీచ్ చూసి వచ్చేస్తుంటారు. ఇంకో ఒకటిన్నర రోజు చేతిలో ఉంటే ఈ రెండు మ్యూజియాలకు ఇవ్వండి. ఒకటి రాజధాని టిబిలిసీలో సోవియట్ ఆక్రమణ గ్యాలరీ, ఇంకోటి గోరీ అనే ఊళ్ళో స్టాలిన్ మ్యూజియం. రెండూ చూడాలి, ముందు టిబిలిసీది.

రుస్తవేలీ రోడ్డులో నేషనల్ మ్యూజియం పై అంతస్తులో ఉంది సోవియట్ ఆక్రమణ గ్యాలరీ. 2006 మే 26న తెరిచారు. 1918లో జార్జియా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నదీ మే 26నే. సోమవారం సెలవు. సోవియట్ రష్యా ఎర్రసైన్యం టిబిలిసీలోకి వచ్చిన 1921 ఫిబ్రవరి 25ను సోవియట్ కాలపు పాఠాలు ‘సోవియట్ అధికార స్థాపన’ అనేవి. ఇప్పటి పాఠాల్లో అది ‘ఆక్రమణ’. గ్యాలరీ అంతా ఆ మాట మీదే నడుస్తుంది. చిక్కల్లా ఒక్కటే: ఆ దండయాత్ర వెనకున్న ఓర్జొనికిద్జే, తర్వాత రహస్య పోలీసును నడిపిన బెరియా, వాళ్ళందరి పైన స్టాలిన్, ముగ్గురూ జార్జియావాళ్ళే. ఆ సంగతి దగ్గర గ్యాలరీ నోరు పెద్దగా విప్పదు.

టిబిలిసీ నుంచి గోరీ 80 కిలోమీటర్ల పైచిలుకు దూరం. బస టిబిలిసీలోని లిబర్టీ స్క్వేర్ దగ్గర చూసుకుంటే గ్యాలరీకి నడిచిపోవచ్చు, గోరీ బండి దొరికే దిదూబే స్టేషన్‌కి మెట్రో మారక్కర్లేదు. దిదూబే బయట మార్ష్రుత్కా (మన షేర్ వ్యాన్ లాంటిది) ఎక్కాలి. నిండితేగానీ కదలదు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. మాంసం తినకపోతే లోబియానీ అడగండి, లోపల చిక్కుడు గింజల ముద్ద పెట్టిన రొట్టె. గోరీలో రాత్రి ఉండాల్సినంత పని లేదు.

స్టాలిన్ మ్యూజియం 1957లో తెరిచారు, ధోరణి కూడా అప్పటిదే, ఇక్కడ స్టాలిన్ హీరోనే. పాలరాతి స్తంభాల మంటపం కింద చెప్పులు కుట్టే తండ్రి అద్దెకున్న చిన్న ఇల్లు, పక్కన స్టాలిన్ ఆకుపచ్చ రైలు పెట్టె, లోపల చీకటి గదిలో చనిపోయాక ఆయన ముఖం మీద తీసిన అచ్చు. ఇంగ్లీషు బోర్డులు తక్కువ. గైడ్ లేకుండా తిరిగితే ఫొటోలు చూసి రావడమే అవుతుంది. చలికాలంలో హాళ్ళు వణికిస్తాయి, కోటు విప్పకండి.

రష్యాతో 2008 ఆగస్టు యుద్ధంలో గోరీ మీద బాంబులు పడ్డాక, ఈ మ్యూజియాన్ని రష్యా దురాక్రమణ మ్యూజియంగా మారుస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2010 జూన్‌లో ఊరి నడిబొడ్డునున్న స్టాలిన్ విగ్రహాన్ని రాత్రికి రాత్రి తీసేశారు. 2012లో స్థానిక మండలి మ్యూజియం మార్పును వద్దంది. దాంతో స్టాలిన్ కాలపు అణచివేత గురించి మిగిలింది కింద ఓ చిన్న గది, అందులో విచారణ బల్ల. గైడ్ దాటేస్తే మీరే అడిగి చూడండి. స్టాలిన్ బొమ్మ కప్పులు అమ్మే దుకాణం మాత్రం అడక్కుండానే కనిపిస్తుంది.